ఊపిరి తీసుకునే చోటు

చెంప కింద కార్క్ పొడి గుచ్చుకుంటోంది. తెర ఇంకా లేవలేదు. లేచేదాకా ఇలా బోర్లా పడుండాలి, లేచాక కూడా చాలాసేపు ఇంతే, ఈ రాణికి నాటకమంతా నేలమీదే. ఊరు తగలబడింది, మొగుణ్ణి చంపారు, కొడుకుల్ని చంపారు, ఆడవాళ్ళని చీట్లేసి పంచుకోబోతున్నారు, ఇంకా చావకుండా మిగిలింది ఈ ముసలిది. ఎప్పుడో రెండున్నర వేల ఏళ్ళనాడు గ్రీకులు రాసుకున్న ఏడుపు, దానికి ఇప్పుడు కొత్తగా సంగీతం కట్టారు, ఆ కట్టినాయన మూడో వరసలో కూర్చుని గోళ్ళు కొరుక్కుంటూ ఉంటాడు. మా దర్శకుడు కాస్పర్‌కి ఉత్త నేల చాల్లేదు, బూడిద కావాలన్నాడు, బూడిదకి బదులు ఈ పొడికి రంగేసి బస్తాలకి బస్తాలు పోయించాడు. దుమ్ము పాడేవాళ్ళ గొంతుకి పడదు నాయనా అని మొదటి వారమే మొత్తుకున్నాను. "ఇది దుమ్ము కాదండీ, కార్క్" అన్నాడు, అదేదో ఒంటికి మంచిదన్నట్టు. ఇవాళ పడినా ఒకటే, పడకపోయినా ఒకటే. ఇవాళ మొదటి ఆట, ప్రీమియర్, నేను పాడను. నోరు తెరుస్తాను, మూస్తాను, చేతులు చాపుతాను, ఈ పొడిలో పొర్లుతాను. పాట మాత్రం స్టేజీ కుడివైపు చివర, నల్లగౌనులో, పాట కాగితాల స్టాండు ముందు నిలబడ్డ రీకె పాడుతుంది. నా దగ్గర నేర్చుకున్న పిల్లే.

తెర అవతల వీగాండ్ గొంతు వినపడుతోంది. మా థియేటర్‌కి పెద్ద ఆయనే. ఆట మొదలవకముందే ఆయన తెర ముందుకొచ్చాడంటే ఎవరో పడకేశారని ఊళ్ళో అందరికీ తెలుసు, అందుకే హాలంతా అప్పుడే ఉసూరుమంది. "మన రోస్‌విథా కాలెన్‌బాఖ్‌గారికి హఠాత్తుగా గొంతు పోయింది" అంటున్నాడు, మన అట, మన. "అయినా ఆవిడ మిమ్మల్ని నిరాశపరచడం ఇష్టంలేక నటించడానికి ఒప్పుకున్నారు. పాట ఫ్రీడెరికె వెస్ట్రప్ పాడతారు. నిన్న సాయంత్రం ఫోన్ చేస్తే ఇవాళ పొద్దుటి రైలుకే వచ్చి మనల్ని గట్టెక్కించారు." ఇక చూడు చప్పట్లు. గట్టెక్కించినవాళ్ళంటే మా ఊరివాళ్ళకి ప్రాణం, పాట ఎలా ఉన్నా సరే. నాకూ కళ్ళు చెమర్చాయి, అబద్ధమెందుకు. ఫ్రీడెరికె అంటే మా రీకెనే, సాయంత్రం మేకప్ గదికొచ్చి నా రెండు చేతులూ పట్టుకుని "మీరు పాడినట్టే పాడతాను టీచర్" అంది. డాక్టరు పది రోజులు మాట్లాడొద్దన్నాడు, గుసగుస అసలే వద్దు, అది ఇంకా చెరుపు అన్నాడు, అందుకని ఏమీ అనలేక దాని నుదురు ముద్దుపెట్టుకున్నాను. ఎంత పొడుగ్గా ఉంటుందో, అది వంగితేగానీ అందలేదు.

నా ముక్కుకి బారెడు దూరంలో, స్టేజీ అంచున నేలలో కోసిన పెట్టెలోంచి ఊర్సెల్ తల కనిపిస్తోంది. మాటలు మర్చిపోతే అందించేది ఆవిడే, ఈ థియేటర్‌లో నాకన్నా పాతది. "ఏమే రోసీ, నోటికి తాళం వేసుకున్నా నీకు మాటలు నేనే అందించాలా" అని పొద్దున్నే వేళాకోళమాడింది. ఇప్పుడు తన ఎడమ భుజం మీంచి మూడుసార్లు థూ థూ థూ అంది, దిష్టి తీసినట్టు. దానికి థాంక్స్ చెప్పకూడదు, చెబితే అంతా తలకిందులవుతుంది. మొన్న డ్రెస్ రిహార్సల్‌కి ముందు కూడా అంది, అప్పుడు నేను పొరపాటున చెప్పాను కాబోలు. తెర లేస్తోంది. చల్లగాలి ముఖానికి కొట్టింది, హాల్లోంచి ఎనిమిదొందల మంది తడికోట్ల వాసన, మార్చి వాన వాసన, ఎవరిదో దగ్గు. వాద్యబృందాన్ని నడిపే కండక్టర్ తిబోర్ చెయ్యి లేచింది. నాలుగు నెలలుగా రోజూ ఇక్కడే నేను ఊపిరి నింపుకుంటూ వచ్చాను, కడుపు అలవాటుకొద్దీ నిండింది, దానికెవరూ చెప్పలేదుగా. నోరు తెరిచాను. ఎక్కడో కుడివైపు నుంచి నా మొదటి మాట వచ్చింది.

బాగుంది. పాపం, బాగా పాడుతోంది. గుండ్రంగా, వెచ్చగా, ఎక్కడా పట్టుకోకుండా. పదిహేడేళ్ళప్పుడు వచ్చింది నా దగ్గరికి, బేకరీవాళ్ళమ్మాయి, భుజాలు చెవులదాకా ఎగదోసి పాడేది. వంటింటి నేలమీద వెల్లకిలా పడుకోబెట్టి పొట్టమీద బంగాళాదుంపల సంచి పెట్టేదాన్ని, సంచి లేవాలి, భుజాలు లేవకూడదు. అది నవ్వితే దుంపలు దొర్లి పొయ్యికిందికి పోయేవి. వాటితోనే పులుసు కాచుకుని ఇద్దరం తినేవాళ్ళం, ఒక్కోసారి ఫీజు బదులు వాళ్ళమ్మ రై రొట్టె పంపేది. భుజాలు దించడానికే ఏడాది పట్టింది. రెండో ఏడు ఒకే ఒక్క సంగతి నూరిపోశాను, రిహార్సల్లో గొంతు పారబోయకు తల్లీ. సగం గొంతుతో పాడు, పైస్వరాలు కిందికి దించి పాడు, ఎవరున్నా సరే, రాజు కూర్చున్నా సరే, గొంతు టిక్కెట్టు కొన్నవాళ్ళకి దాచు. ఇది మాలో చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతి. చెప్పేవి శ్రీరంగనీతులు.

ఎందుకు పారబోసుకున్నానో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. మా దగ్గర ఒక చట్టముంది, ఒకే థియేటర్‌లో పదిహేను సీజన్లు పాడినవాళ్ళని ఇక తీసెయ్యడానికి వీల్లేదు. మా మేలు కోరే పెట్టారు. అందుకే పద్నాలుగో సీజన్‌లో పిలుస్తారు. అక్టోబర్‌లో వీగాండ్ పిలిచాడు, ఆపిల్ కేకు తెప్పించాడు, కేకు చూడగానే నాకర్థమైంది, పద్నాలుగేళ్ళలో ఆయన నాకు నీళ్ళు కూడా ఇచ్చి ఎరగడు. కళాపరమైన కారణాలండీ అన్నాడు. అందరికీ అదే మాట, కోర్టులో నిలబడే మాట. నా వయసుకి ఇంకో థియేటర్ ఎవరిస్తారు, యాభై రెండు, అన్ని ఊళ్ళల్లోనూ వీగాండ్‌లే, అన్ని ఊళ్ళల్లోనూ కేకులే. నేను ఏడవలేదు, బతిమాలాను, అది ఇంకా అన్యాయం. అప్పుడాయన కిటికీకేసి చూసి, "రాణి వేషం మీదేగా. ప్రీమియర్ అయ్యాక మళ్ళీ మాట్లాడుకుందాం. ఇచ్చిన నోటీసు వెనక్కి తీసుకోకూడదని ఎక్కడా లేదు" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని చలికాలమంతా లాక్కొచ్చాను. ట్రామ్‌లో అదే మాట, స్నానంలో అదే మాట. ఈ వేషం కుదిరిందంటే ఉంటాను. ఉంటే పదిహేను నిండుతుంది, నిండితే నన్నెవడూ కదపలేడు.

మొన్న డ్రెస్ రిహార్సల్లో ఆయన పదో వరసలో దీపం పెట్టుకుని కూర్చున్నాడు. నాకు జలుబు, ముక్కులోంచి గొంతులోకి దిగుతోంది, తిబోర్ కూడా కిందనుంచి చేత్తో సైగ చేశాడు, తగ్గించు తగ్గించు అని. తగ్గించలేదు. ఎవరిని వదులుకుంటున్నాడో వినాలిగా. ఒళ్ళు తెలియకుండా పాడాను, కూతుళ్ళని లాక్కెళ్ళే చోట గోడలు మోగాయి, వెనక తెరలు లాగేవాళ్ళు పని ఆపి నిలబడ్డారు. డ్రెస్ రిహార్సల్‌కి చప్పట్లు కొట్టకూడదు, కీడు, అందుకని చివర్న అంతా చీకటి, నిశ్శబ్దం. పదో వరసకేసి చూశాను. ఆయన ముఖం కింద ఫోన్ వెలుగు నీలంగా పడుతోంది, బొటనవేలితో ఏదో తోస్తున్నాడు. మర్నాడు పొద్దున లేచి కాఫీ కలుపుకుంటూ పిల్లిని పిలవబోతే గాలి వచ్చింది, గొంతు రాలేదు.

దూత వచ్చాడు. గెలిచినవాళ్ళ తరఫు మనిషి, కాస్పర్ అతనికి ప్లాస్టిక్ కోటు వేసి చేతికో అట్ట ఇచ్చాడు. ఎవరెవరు ఎవరింటికి దాసీలుగా పోవాలో చదువుతున్నాడు, చాలా మర్యాదగా, వెధవ, నేనేం చేసేదండీ నాకిచ్చిన పని అన్నట్టు. మోకాళ్ళ మీద లేవాలి. మోకాలు కలుక్కుమంది. రాణి అడుగుతుంది, నన్నెవరికిచ్చారు, ఈ నెత్తిమీద నెరిసిన జుట్టుతో ఎవరి గుమ్మం ఊడవాలి, ఎవరి పిల్లల్ని జోకొట్టాలి. నోరు ఆడిస్తున్నాను, ఊర్సెల్ పెదాలు నా పెదాలతోపాటు ఆడుతున్నాయి, ఇద్దరు మూగవాళ్ళం ఎదురెదురుగా. కుడివైపు తిరిగి చేతులు చాపాలి ఇక్కడ, చాపాను, అప్పుడు చూశాను రీకెని ఎదురుగా. స్టాండుకి చిన్న దీపం తగిలించారు, కాగితాలు తెల్లగా మెరుస్తున్నాయి. మనిషి నిటారుగా ఉంది, భుజాలు దిగి ఉన్నాయి, నా దుంపల సంచి వృథా పోలేదు. కళ్ళు మాత్రం కాగితం మీద లేవు, తిబోర్ చేతిమీద ఉన్నాయి. మంచిదే, నేను నేర్పిందే, కాగితంలో తల దూర్చకు, చెయ్యి చూడు.

కానీ పేజీ తిప్పదేం. దూతతో ఈ మాటలు నాలుగైదు పేజీలుంటాయి, తాళం గడియకోసారి మారుతుంది, ఐదు, ఏడు, మూడు, మళ్ళీ ఐదు, నాకిది నోటికి రావడానికి క్రిస్మస్ దాటింది. రాత్రంతా కూర్చుని బట్టీ కొట్టిందేమో, చురుకైన పిల్ల. అయినా ఎలా కొడుతుంది, దీని రికార్డింగ్ లేదు, ఇంతకుముందు ఎక్కడా ఎవరూ పాడలేదు. ఈ భూమ్మీద ఈ పాట తెలిసిన గొంతు నాదొక్కటే, ఆ గర్వం నాకు నాలుగు నెలలుగా ఉంది. ఇదిగో ఇప్పుడు తిప్పింది. రెండు మూడు కాగితాలు ఒక్కసారే తిప్పేసింది, ఇంటికి చుట్టాలొస్తే పుస్తకం తీసి కూర్చునే పిల్లల్లా. పోనీలే, ఆ కంగారులో ఎవరికేం తెలుస్తుంది. నేను మళ్ళీ పొడిలోకి ఒరిగాను, ఒరగడం నా వేషంలో ఉంది కాబట్టి సరిపోయింది.

మనవడిని తీసుకుపోయారు. గోడమీంచి తోసేస్తారు, పెద్దయితే పగ తీర్చుకుంటాడని. తోసెయ్యడం కనిపించదు, డ్రమ్ము ఒకటి మోగుతుంది, అంతే. ఇక వాణ్ణి తెస్తారు. గ్రీకులు డాలుమీద తెచ్చారు, మా కాస్పర్ కారు తలుపు మీద తెప్పిస్తాడు, ఎర్ర స్వెట్టరు వేసిన బొమ్మ. ముందు నవ్వొచ్చేది నాకు, రిహార్సల్లో మెకానిక్ షాపా ఇది అని అడిగాను కూడా. ఇప్పుడు రావట్లేదు. బొమ్మని ఒళ్ళో పెట్టారు, బొమ్మ బరువు సరిగ్గా పిల్లాడి బరువే ఉంటుంది, లోపల ఇసుక నింపారు. మా ఇంట్లో పిల్లల్లేరు. ప్రతి ఏడూ వచ్చే సీజన్ వచ్చే సీజన్ అనుకున్నాం, మా ఆయన చివరికి విసిగి ఇంకో ఊరు పోయాడు, అక్కడ ఇద్దరు పుట్టారట. కాంట్రాక్టు ఏడాదికోసారి, కడుపు తొమ్మిది నెలలు, లెక్క ఎప్పుడూ కుదరలేదు. సీజన్ మధ్యలో పొట్ట కనిపిస్తే అబ్బాయి వేషాలు ఎవరికిస్తారు, ఆ రోజుల్లో నాలాంటి ఆడగొంతుకి ఇచ్చేవన్నీ అబ్బాయి వేషాలే, బిగుతు లాగూలు, పిల్లకత్తి. ఇప్పుడు తల్లిని దాటేసి తిన్నగా నాయనమ్మ వేషం.

ఇక లాలి. చచ్చిన మనవడికి రాణి పాడే లాలి, ఈ నాటకమంతా ఈ ఒక్క పాట కోసమే. సెల్లోలు, ఆ పెద్ద వయొలిన్లలాంటివి, మొదలెట్టాయి. వేళ్ళతో బొమ్మ జుట్టు సవరించాలి. నిన్ను కనేటప్పుడు మీ అమ్మ ఎంత అరిచిందో, నీ పుట్టు జుట్టు ఎవరు తీశారో, నన్ను పాతిపెట్టాల్సినవాడివి, నేను నిన్ను పాతిపెడుతున్నాను. ఆ తర్వాత వస్తుంది ఆ వాక్యం, ఇంత చిన్న గొయ్యి చాలు నీకు. పొడుగు వాక్యం, కిందనుంచి మెల్లగా పైకెక్కి అక్కడే నిలబడుతుంది. రాసినాయన ఒక్క ఊపిరిలో రాశాడు. నాకు ఆ ఊపిరి లేదు, పదేళ్ళ కిందట ఉండేది. జనవరిలో ఒకరోజు తలుపేసి తిబోర్‌ని అడిగాను, సిగ్గు చంపుకుని, "ఇంత" అన్నాక చిన్న చోటివ్వు, దొంగతనంగా ఒక గుక్క తీసుకుంటాను. తిబోర్ మంచివాడు, సెల్లోలని వెంట్రుకవాసి ఆపాడు అక్కడ. కాస్పర్ వచ్చి విని, "అబ్బ, ఆ వెక్కు ఎంత బాగుందండీ" అన్నాడు. ముసలిదాని ఊపిరి చాలక తీసిన గుక్క అని మేం చెప్పలేదు. అది అచ్చులో లేదు. పుస్తకంలో ఎక్కడా లేదు. తిబోర్‌కి తెలుసు, నాకు తెలుసు, పెట్టెలో ఊర్సెల్‌కి తెలుసు.

"ఇంత" అంది రీకె. గుక్క తీసుకుంది. "చిన్న గొయ్యి చాలు నీకు" అంది.

నా నోరు సరైన చోటే తెరిచి మూసుకుంది, అది దానంతట అదే చేస్తుంది. ఆ గుక్క దీనికెందుకు. ఇరవై తొమ్మిదేళ్ళది, ఎద్దులాంటి ఊపిరితిత్తులు, నేను పోసినవే, ఆ వాక్యం రెండుసార్లు వరసగా పాడినా అలుపు రాదు. పుస్తకం చూసి పాడేదైతే ఒక్క ఊపిరిలో పోయుండేది. సెల్లోలు ఆగితే తప్పక ఆగిందేమో. కాదు, ముందు అదే ఆగింది, అలవాటైన చోట ఆగినట్టు ఆగింది, ఎన్నోసార్లు ఆగిన చోట. ఎవరితో పాడింది ఇన్నిసార్లు. తిబోర్‌కేసి చూశాను. తిబోర్ సెల్లోలకేసి చూస్తున్నాడు. నాలుగు నెలల్లో ఈ లాలి దగ్గర నా ముఖం చూడకుండా ఎప్పుడూ చెయ్యి కదపలేదు ఆ మనిషి.

స్టాండు. ఓరి దేవుడా, ఆ స్టాండు. మూడో అంతస్తు సాధన గదిలో ప్రతి సోమవారం పొద్దున నేను పోయేసరికి స్టాండు నా నెత్తి పైకి లేపి ఉండేది. మర తిప్పి దించుకుంటూ ఆ పొడుగు బారిటోన్ పాటగాళ్ళని తిట్టుకునేదాన్ని, ఆదివారాలు వచ్చి వాడుకుంటారు, తిరిగి దించాలన్న ఇంగితం లేదు అని. వాళ్ళనెవరినీ అడగలేదు. చలికాలమంతా దించుకుంటూనే ఉన్నాను. ఆదివారాలు ఇది వచ్చేది. ఆదివారం ఇది లేపుకునేది, సోమవారం నేను దించుకునేదాన్ని. నిన్న ఫోన్ చేస్తే వచ్చిందట. పొద్దుటి రైలట. నేను దాని నుదురు ముద్దుపెట్టుకున్నాను కూడా. వీగాండ్ కేకు ముందు కూర్చుని ప్రీమియర్ అయ్యాక మాట్లాడుకుందాం అన్నప్పుడే ఇదంతా అయిపోయింది. వచ్చే సీజన్‌కి దీన్ని తీసుకున్నారు, ఈ వేషంతో సహా, నేను దీనికి దారి తొక్కి చదును చేసి ఇవ్వడానికి ఉన్నాను. తడిగుడ్డతో గొంతు కొయ్యడమంటే ఇదే. నా మాటకొస్తే గొంతు నేనే కోసుకున్నాను, ఫోన్ చూసుకుంటున్న మనిషి కోసం, ముందే తేలిపోయిన లెక్క కోసం.

ఏడుపు వచ్చింది. వస్తే రానీ, రాణి ఏడవాల్సిన చోటే. ఎర్ర స్వెట్టరు మీద పడుతున్నాయి కన్నీళ్ళు, నిజమైనవి, రెండో వరసదాకా కనిపిస్తాయి, టిక్కెట్టు కొన్నందుకు చూసుకోండి. ఊర్సెల్ నన్నే చూస్తోంది. ఆవిడకీ అర్థమైంది, గుక్క దగ్గరే అర్థమైనట్టుంది, అందించడం మానేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్ళలో ఆవిడ నాకు మాట అందించకపోవడం ఇదే మొదలు.

అప్పుడే గొంతులో ఏదో కదిలింది. ఏడుపుకి మెత్తబడిందో ఏమో, కిందెక్కడో, ఛాతీ దగ్గర, పిల్లి గుర్రుమన్నట్టు చిన్న మోత. మూసిన నోటితోనే చూశాను, ఉంది. సన్నగా, గరగరగా, ఉంది. లాలికి చివరి చరణం మిగిలింది. చివరి చరణం అంతా కిందే తిరుగుతుంది, నా స్వరాలు, నాలాంటి ముదురు గొంతు కోసమే రాసినవి, ఉన్న ఈ కాస్తతోనే పాడెయ్యగలను. నోరు తెరిస్తే చాలు, దాని గొంతు మీద నా గొంతు పడుతుంది, అది బెదిరి ఆపేస్తుంది, హాలంతా వింటుంది. ఆ ఒక్క చరణం. డాక్టరు ఏమన్నాడు, ఇప్పుడు బలవంతం చేస్తే ఇక జన్మలో రాదు అన్నాడు. రాకపోతే ఏం, దాచుకుని ఎవరికి పాడాలి, పిల్లికా. పాడతాను. పాడి చస్తాను. పాడితే రేపు పేపర్లో రాస్తారు, వీగాండ్ చదువుతాడు, ఎంత బాగా చదువుతాడు, బొటనవేలితో తోసుకుంటూ చదువుతాడు. మొన్నా పాడానుగా, పీక పగిలేలా. విన్నాడా. ఛీ, ఇంకా వాడికే వినిపించాలని చూస్తున్నాను, ఇంత తెలిశాక కూడా. ఈ బుద్ధి వల్లే ఇలా నేలమీద ఉన్నాను.

వద్దు. ఇవ్వను. ఆ కాస్తా నా దగ్గరే ఉండనీ.

నోరు మూశాను. రీకె చివరి చరణం ఎత్తుకుంది, నా పెదాలు కదల్లేదు. బొమ్మని కారు తలుపు మీద పడుకోబెట్టి లేచాను, ఇక్కడ లేవకూడదు, కాస్పర్ లేపలేదు నన్ను ఇక్కడ. లేచి కుడివైపు తిరిగి, నోరు బిగించుకుని, దానికేసి చూస్తూ నిలబడ్డాను. పాట ఎక్కణ్ణుంచి వస్తోందో అందరూ చూడనీ, ఎవరి గొంతు ఎవరి ఒంటికి తగిలించారో చూడనీ. అది నన్ను చూసింది. చూసి ముఖం కిందికి దించి, ఆట మొదలయ్యాక మొట్టమొదటిసారి కాగితాల్లోకి చూస్తూ పాడింది, ఇప్పుడు మాత్రం వేళ్ళు పేజీ వెతుక్కుంటున్నాయి, స్టాండు మీద దీపం వణుకుతోంది. అయినా గొంతు నిలబడింది. నేను నేర్పిన గొంతు, ఎందుకు నిలబడదు. మళ్ళీ వచ్చింది ఆ వాక్యం, చివరిసారి. "ఇంత" అని ఆగి, నా గుక్క తీసుకుంది. దూత వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నాడు, పదండి, ఓడలు ఎదురుచూస్తున్నాయి. వెనక ఊరంతా నారింజరంగు లైట్లలో తగలబడుతోంది. నడిచాను. రాణికి ఇంకో దారి రాయలేదు ఎవరూ.

తెర పడింది. అవతల వడగళ్ళవాన మొదలైనట్టు చప్పట్లు. కాస్పర్ పరిగెత్తుకొచ్చాడు, కళ్ళల్లో నీళ్ళు, నన్ను కావలించుకున్నాడు, నా కోటు పొడంతా వాడి నల్లచొక్కాకి అంటుకుంది. "ఏం చేశారండీ, నోరు మూసేశారే! రాణి గొంతు రాణిని వదిలి వెళ్ళిపోయింది! నాకెందుకు తట్టలేదిది, అన్ని ఆటలకీ ఇలాగే ఉంచేద్దాం, మీ గొంతు వచ్చేసినా సరే, ఇలాగే." వెనకే వీగాండ్. "చూశారా" అన్నాడు, నా భుజం తట్టి, "పాడకుండానే ఎంత చేశారో." ఎంత తేలిగ్గా అన్నాడో. నా కోపం కూడా వాళ్ళకి పనికొచ్చింది. చేసిన ఒక్క ఎదురు పని, అదీ సీన్లో కలిపేసుకున్నారు, రేపట్నుంచి రోజూ అదే చోట కోప్పడాలి.

"వరసలో నిలబడండి" అని అరుస్తున్నారు ఎవరో. రీకె నా పక్కకొచ్చి నిలబడింది. నేను గొంతు సవరించుకున్నాను. వచ్చింది, తుప్పుపట్టిన గేటు చప్పుడు, నిన్నటినుంచి నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట.

"ఆ గుక్క తిబోర్ చెప్పాడా?"

అది నావైపు తిరిగింది. పొడుగాటి మనిషి, అంత పెద్ద పాట పాడిన మనిషి, భుజాలు చెవులదాకా లేచిపోయాయి. "వచ్చే సీజన్‌కి ఈ వేషం నాదని వీగాండ్‌గారు నాకు డిసెంబర్‌లోనే చెప్పారు టీచర్. మీకంతా తెలుసన్నారు. మీరే నా పేరు చెప్పారన్నారు. ఆ మాట ఎత్తితే మీకు బాధ, అడగొద్దన్నారు." ఇంకా మెల్లగా, "మీరే చెప్పారనుకుని ఎంత సంతోషపడ్డానో" అంది. అబద్ధం కాదు. ఆ ముఖానికి అబద్ధం చేతకాదు, దుంపలు దొర్లినప్పటినుంచీ చూస్తున్నాను. పోనీ దీన్నయినా తిట్టుకుని తృప్తిపడదామంటే ఆ దారీ లేదు.

"అది నాకు ఊపిరి చాలక పెట్టుకున్న గుక్క" అన్నాను. "నీకక్కర్లేదు. నీ గొంతుని అది సగంలో నొక్కేస్తోంది."

తెర అంచు కదిలింది, అవతలి వెలుగు మా కాళ్ళమీద పడింది. దానికి కళ్ళు తుడుచుకోవాలని కూడా తోచలేదు. వంటింట్లో అడిగినట్టే అడిగింది. "మరి నేనెక్కడ తీసుకోను టీచర్?"

ఎక్కడో నాకు తెలుసు. లాలి మధ్యలోనే తెలిసిపోయింది, నాకు తెలియకుండా నా చెవి వెతికి పెట్టింది. "నీకు" దాకా ఒక్క తీగలా లాగి, నిలబడి, అప్పుడు, అక్కడ. అక్కడ తీసుకుంటే ఆ వాక్యం ఎలా విచ్చుకుంటుందంటే, ఆ గుంపంతా, పదో వరసతో సహా, ఫోన్లు మర్చిపోయి కూర్చుంటారు. నాలుక మీదే ఉంది. ఎవరైనా ఊపిరి ఎక్కడ అని అడిగితే చెప్పకుండా ఉండటం నా వల్ల ఎప్పుడూ కాలేదు.

చెప్పలేదు. తెర లేచింది. దాని చెయ్యి పట్టుకుని ముందుకు నడిచి, వంగి దణ్ణం పెట్టాను.